జాకీ కింద మూకుడు

ఒచివరొంగో పెట్రోలు బంకులో తమ్ముణ్ణి మర్చిపోయాం.
నాలుగు కిలోమీటర్లు పోయాక
పుచ్చకాయ దొర్లుకుంటూ నా ఒళ్లోకొచ్చింది.
వాడుంటే రాదు కదా, దాని చోటు వాడి కాళ్ల మధ్య.
వెనక్కి తిప్పుకుని వెళ్తే
ఎల్రికో బంకు మెట్టు మీద ఐస్‌క్రీం నాకుతున్నాడు.
డబ్బులెవరిచ్చారో ఈ రోజుకీ చెప్పడు.
నాన్న ఈలపాట అక్కడ ఆగిపోయింది.

మా పికప్పు వెనకద్దం దిగిందంటే ఎక్కదు.
కంకర రోడ్డు దుమ్మంతా లోపలికొచ్చి
ఔచో చేరేసరికి
అందరికీ ఔమా జుట్టే.
"ఇప్పుడు సరిపోయింది," అంది ఔమా,
"ఇక ముసలిదాన్నని నాకొక్కదానికే ముందు సీటివ్వకండి."
అంది గానీ దిగలేదు.

ఎతోషా గేటు దగ్గర గుమాస్తా పెద్ద పుస్తకం తెరిచాడు.
బండి నంబరు, తలలెన్ని, రాత్రులెన్ని.
పెద్దవాళ్లకేమైనా తగ్గింపుందా అని నాన్న నసిగాడు.
"పేరు?"
"మాగ్రీటా."
"పుట్టిన చోటు?"
ఔమా గడ్డం ఎత్తి
అతని భుజం మీదుగా గేటవతలికి చూపించింది.
"అదిగో."
అతను నిజంగానే వెనక్కి తిరిగి చూశాడు.
ముళ్లపొదలు, వేడికి వణికే గాలి,
దూరంగా ఒక జీబ్రా తోక.
కాసేపు కలం కొరికి
ఔచో అని రాసుకున్నాడు.
టికెట్టు డబ్బులు ఔమాకీ తీసుకున్నాడు.

లోపల ఒకటే రూలు: బండి దిగరాదు.
తమ్ముడి కడుపులోని ఐస్‌క్రీం ఆ బోర్డు చదవలేదు.
ఆ సంగతి ఇక్కడ వద్దు,
పుచ్చకాయ డిప్ప ఒకటి త్యాగం చేశామంతే.

అమ్మకి కనబడ్డ సింహం రాయి.
నాన్నకి కనబడ్డది చెదపుట్ట, దానికి పదకొండు ఫోటోలు.
తర్వాత ఉప్పు మైదానం.
తెలుపు. అంచెక్కడో తెలియనంత తెలుపు.
"దీన్నింకా గియ్యలేదా?" అన్నాడు ఎల్రికో.

టైరు సరిగ్గా అక్కడే పేలింది.
పొద్దింకా రెండు జానల ఎత్తుంది,
గూకితే విడిది గేటు మూసేస్తారు.
నాన్న దిగాడు, దాంతో రూలు కూడా దిగిపోయింది.
మిగిలిన నలుగురం నాలుగు దిక్కులకి కాపలా.
నాకు తూర్పు వచ్చింది.
తూర్పున ఏమీ లేదు.
ఏమీ లేనిదాన్ని
అంత ఒళ్లు దగ్గర పెట్టుకుని నేనెప్పుడూ చూడలేదు.
మెత్తటి నేలలో జాకీ కూరుకుపోతుంటే
అమ్మ వంటపెట్టెలోంచి మూకుడు తీసిచ్చింది.
బోర్లిస్తే నిలబడింది.

అప్పుడు చూస్తే పడమర ఖాళీ.
చెప్పులు చేత్తో పట్టుకుని
ఔమా పొదల్లోకి నడిచిపోతోంది.
"ఔమా!" అని అరిచాం, గుసగుసగా,
సింహాలకి వినపడకుండా ఎంత అరవొచ్చో అంత.
ఇరవై అడుగుల దూరంలో ఆగింది.
ఒక రాయిని కాలితో తిప్పింది,
కింద చూసింది,
మళ్లీ ఉన్నట్టే పెట్టింది.
తిరిగొచ్చి సీట్లో కూర్చుని
"ఎడమ దారిలో పో," అంది నాన్నతో,
"ఏనుగులు చుట్టూ తిరిగి పోవు."
మా మ్యాపులో ఎడమ దారి లేదు.
నాన్న మ్యాపు వంక చూశాడు, ఔమా వంక చూశాడు,
మ్యాపు మడిచి తొడ కింద పెట్టుకున్నాడు.
గేటు కుర్రాడు గొలుసు చేతిలోకి తీసుకుంటుండగా
లోపల పడ్డాం.

రాత్రి దీపాల వెలుగులో
నీటిగుంట దగ్గర మూడు ఖడ్గమృగాలు.
బెంచీల మీద జనం ఊపిరి కూడా పంచుకుని పీలుస్తున్నట్టున్నారు.
ఔమా ఆ నీటి పేరు చెప్పింది.
బోర్డు మీదున్న పేరు కాదు,
నాలుక అంగిలికి కొట్టి టక్కుమని మొదలయ్యే పేరు.
అది పలకబోయి
ఎల్రికో పుచ్చగింజ మింగాడు.
వాడి దగ్గు చప్పుడుకి
పెద్ద ఖడ్గమృగం తలెత్తి మా వైపు చూసింది.
ఔమా దానికేదో సర్దిచెప్పింది.
అది మళ్లీ తాగడం మొదలెట్టింది.

మూకుడు అడుగు సొట్టపోయింది.
పొయ్యి మీద ఎటు తిప్పి పెట్టినా
గుడ్లన్నీ ఒక పక్కకే జారతాయి.
కొత్తది కొందామంటే
అమ్మ వినిపించుకోదు.