దారం లెక్కలోకి రాదు

జాకెట్ అంటే ఆడోళ్ళదే అనుకునేదాన్ని
పదకొండేళ్ళ కిందట అల్మాస్‌పేట సందులోకి
ఆరు బుల్లెట్లు వచ్చి ఆగేదాకా.
సందంతా అదిరింది. దండెం మీది ఫాల్స్ కిందపడినాయి.
"అక్కా, వీపు మీద ఇది కుట్టాల" అని
బాలవీరారెడ్డి ఒక గుడ్డముక్క చేతిలో పెట్టినాడు.
గుండ్రంగా, మధ్యలో సన్నకాళ్ళ పిట్ట.
కోడిపిల్లా అంటే నవ్వినారు.
కలివికోడంట. లంకమల అడివిలో ఉంటాదంట.
రాత్రిపూట తప్ప తిరగదంట.
వాళ్ళలో ఎవురూ చూసిందిలేదు.

ఊడకూడదన్నారు.
నైలాన్ దారం, రెండు పేటలు, చేత్తోనే కుట్టినా.
సూదులు రెండు విరిగినాయి ఆ పొద్దు.
ఊడదీసేదానికీ నా దగ్గరికే వస్తారని
అప్పుడు నాకేం తెలుసు.

వాళ్ళకొక కట్టుబాటుంది.
జాకెట్ మనిషిది, పిట్ట గుంపుది.
పోయేవాడు తానుగా తెచ్చియ్యాల, అడిగించుకోకూడదు.
అందరూ నిలబడాల, ఎవురూ ఫోను తీయకూడదు.
మర్యాదగా పోయేవాడిదైతే ముడి ఒక్కటే తెంపి
దారం మెల్లగా లాగాల, గుడ్డకు గాటు పడకూడదు.
ఇలియాస్‌ది మాత్రం కత్తెరతో కోసినారు,
పెట్రోలు బంకు ముందర, నలుగురూ చూస్తాండగా.
ఏం చేసినాడో నేనడగలేదు.
మర్నాడు వాళ్ళమ్మ ఆ చింపులు అతకమని తెచ్చింది.
అతికినా.

నిన్న చెన్నకేశవులు వచ్చినాడు, లైన్‌మెన్.
ఆటోలో వచ్చినాడు.
వెనకాల తొమ్మిది బండ్లు, ఇంజన్లు ఆపి, తోసుకుంటా.
చక్కెర కండ్లకు దిగిందంట.
గువ్వలచెరువు ఘాటులో ఎదురొచ్చే లారీ లైటు
ఒకటి పోయి పది అవుతాందంట,
"జొన్నపేలాలు ఎగిరినట్టు, అక్కా" అన్నాడు.
పిట్టేమో చీకట్లోనే తిరిగేది.

స్టూలు మీద కూచున్నాడు, వీపు నాకేసి పెట్టి.
తీసియ్యబ్బయ్యా అంటే తీయలేదు,
ఒంటిమీదనే విప్పమన్నాడు.
ముడికి బ్లేడు తగిలినప్పుడు వాని భుజం కదిలింది
ఈగ వాలితే ఎద్దు చర్మం కదిలినట్టు.
సగంలో బాలవీరారెడ్డి బయటికి పోయినాడు
ఫోనొచ్చినట్టు.
ఫోనేం రాలేదు.

గుడ్డ లేసింది. కింద ఎర్రదుమ్ము, ఒక పురుగు రెక్క.
జాకెట్ అంతా ఎండకు బూడిదరంగు తేలింది,
అక్కడొక్కటే కొత్త నలుపు, దోసెపెనం మాదిరి.
"ఇది గూడా తియ్యాల్నా?" అన్నాడు ఎవరో కొత్త కుర్రోడు.
ఎవురూ బదులు చెప్పలేదు.

పిట్ట లోపలికొచ్చేటట్టు మడిచి రెడ్డి చేతికిచ్చినా.
పెట్టెలో పెడతారంట. ఇంకొకనికి కుట్టరంట.
చెన్నకేశవుల్ని ఆటో ఎక్కనియ్యలేదు.
రెడ్డి బండి మీద వెనక సీట్లో కూచోబెట్టినారు.
చేతులు యాడ పెట్టుకోవాల్నో తెలీక
తొడల మీద పెట్టుకున్నాడు, బడిపిల్లోని మాదిరి.

కుట్టేదానికి ఎనభై రూపాయలు.
విప్పేదానికి ఇంతవరకూ రేటు పెట్టుకోలేదు.

దారం గురించి మాత్రం వాళ్ళ కట్టుబాటులో ఏమీ లేదు.
నల్లనైలాన్, రెండు మూరలు, ఘాటు దుమ్ముతో సహా
ఖాళీ రీలుకు చుట్టి పెట్టినా.
ఈ పొద్దు టీచరమ్మ జాకెట్‌కు
మూడు హుక్కులు దాంతోనే కుట్టినా.
గట్టి దారం. ఊడదు.