బియ్యపు గింజంత

గురువారాలు నేను బురానో దీవికి వెళ్తాను,
అద్దాల పెట్టె ఒళ్ళో పెట్టుకుని.
పడవ కుదిపినప్పుడల్లా
రెండొందల అరవై బిళ్ళలూ గలగలమంటాయి.
చర్చి పక్క గదిలో గోడకి అక్షరాల పట్టిక,
ఆరు మీటర్ల దూరంలో ఒక పేము కుర్చీ.

ఓర్సోలా అరవై ఎనిమిదో ఏట మొదటిసారి వచ్చింది.
తనంతట తాను కాదు, తమ్ముడు రెక్క పట్టుకు తెచ్చాడు.
"నిన్న చెత్తసంచీని పిల్లి అనుకుని
పేరు పెట్టి పిలిచింది మా అక్క."
"పిల్లే అయినా వచ్చేది కాదులే," అందామె.

పట్టికలో పై అక్షరం చెప్పమ్మా.
ఏ పట్టిక, అంది.

పొగమంచులో జాలరి తన ఇల్లు పోల్చుకోవడానికే
ఇక్కడి గోడలకి ఇన్ని రంగులని చెబుతారు.
ఓర్సోలాకి ఏడాది పొడుగునా పొగమంచే.
ఊదా మరక, పసుపు మరక, ఆ తర్వాతది తన గడప.
దూరపు కొండలు నునుపంటారు,
ఈమెకి వీధి అవతల మనుషులూ నునుపే,
మచ్చా ముడతా కోపమూ లేనివాళ్ళు.

కానీ జానెడు దూరంలో,
అమ్మో, ఆ కన్ను!
గాలిలో కుట్టు అంటారు ఆ లేసుని, కింద గుడ్డ ఉండదు,
దారానికి దారమే ఆధారం.
నేను భూతద్దం పెట్టినా లెక్క తప్పే ముళ్ళని
ఉత్త కళ్ళతో, ముక్కుకి తగిలేంత దగ్గర పెట్టుకుని,
యాభై ఏళ్ళుగా వేస్తోంది.
దీన్ని జబ్బని ఏ చేత్తో రాయను?

కాగితం మీద కన్ను గీసి చూపించాను.
నీ కన్ను బియ్యపు గింజంత పొడుగమ్మా, అంతే.
వెలుగు పడవ రేవుకి చేరకముందే
నడి నీళ్ళలో లంగరు వేసేస్తోంది.
నడుమ పల్చటి ఈ బిళ్ళ
దాన్ని ఇంకాస్త ముందుకి పోనిస్తుంది.

"మరి వీడికో?"
అల్విసే నవ్వాడు. తనకేం తక్కువ!
బురదలో అంత దూరాన నిలబడ్డ కొంగ
ఏ కాలు ముడిచిందో చెప్పగలడు.
మందు సీసా మీద రాత చదవమంటే మాత్రం
చెయ్యి చాపుతాడు, ఇంకా చాపుతాడు,
చెయ్యి చాలదు.
నీది దూరదృష్టి, అన్నాను.
పొగడ్త అనుకుని మీసం సవరించుకున్నాడు.
కాదయ్యా, నీ కన్ను కురచ,
నీ పడవ రేవు దాటిపోయాక గానీ ఆగదు.
వయసులో కంటి కండరం అప్పు ఇచ్చి నడిపించింది,
ఇప్పుడు వసూలుకొచ్చి కూర్చుంది.

మూడు వారాలకి కళ్ళజోళ్ళు తెచ్చాను.
ఓర్సోలా పెట్టుకుని గుమ్మం దాకా వెళ్ళి
గబుక్కున గుండెల మీద శిలువ వేసుకుంది.
"గంటగోపురం పడిపోతోంది!"
అది ఎప్పుడో ఒరిగిపోయింది, మన తాతలు పుట్టకముందే.
"మరి నాకెవరూ చెప్పలేదే?"
అందరికీ కనిపించేదాన్ని
ఎవరు పనిగట్టుకు చెబుతారు?

అల్విసే వాళ్ళ వంటింట్లో నిలబడ్డాడు.
ఆ కిటికీ లేసు తెరలోంచి నీళ్ళనే చూశాడు ఇన్నేళ్ళూ,
తెరని చూడలేదు.
మూలన ఒక పడవ. పడవలో ఇద్దరు.
ఒకడి ముక్కు మరీ పొడుగు.
"ఇది నా ముక్కా?"
"ఇంకెవరికి ఉందిరా అంత?"
"ఎప్పుడు కుట్టావ్?"
"అమ్మ పోయిన చలికాలం."
రెండో మనిషి ఎవరని అతను అడగలేదు.
కొత్త జోడు తీసి, చొక్కా అంచుతో
మురికి లేనిచోట చాలాసేపు తుడిచాడు.

నా ఫీజు: పెంకు వదిలిన మెత్తటి పీతలు, చిన్న బుట్టెడు.
నేను మెట్లు దిగేటప్పటికే ఓర్సోలా
జోడు జేబులో వేసి కుట్టు ముందు వంగింది.
"వీధికైతే సరే. ఇక్కడ ఇవి అడ్డం."

తిరుగు పడవలో ఉప్పునీళ్ళు చింది
నా అద్దాలూ మసకబారాయి, తీశాను.
దీవంతా రంగు మరకలు.
గోపురం ఎటు పోయిందో, ఒరిగిందో లేదో.
బుట్టలో పీతని ముక్కు దగ్గరికి తెచ్చుకుంటే మాత్రం
కాలి మీద ఒక్కొక్క రోమమూ.