చిప్పు

చిట్టీ పాట ఈ నెల నాకు దక్కింది.
ముప్పైనాలుగు వేలు, బ్యాగులో జిప్పు లోపలి జిప్పులో.
"చిప్పు కొనబోయి చేతికి చిప్ప తెచ్చుకోకు" అంది
చిట్టీ నడిపే సుగుణమ్మ, లెక్కపెట్టి ఇస్తూ.

నారాయణగూడలో, మెట్ల కింద, నా డీటీపీ సెంటరు.
శుభలేఖలు, దశదినకర్మ కార్డులు, ఇంటర్ ప్రశ్నపత్రాలు,
ఎప్పటికీ అచ్చుకివ్వక దిద్దుతూనే ఉండే
ఒక రిటైర్డు తహసీల్దారు గారి ద్విపదలు.
పదమూడేళ్ల నాటి యంత్రం.
'క్ష' కొడితే అది కాసేపు ఆలోచించి,
ఫ్యానుతో ఒక నిట్టూర్పు విడిచి,
అప్పుడు దించేది ఒత్తును.
ఆ సందులోనే నాకు టీ అలవాటైంది.

మరిది విద్యాసాగర్ ఫోన్లో:
"వదినా, ఇంటెలే తీసుకో. పేరున్న సరుకు.
మా సబ్‌స్టేషన్‌లో అన్నీ అవే,
ఒక్కటీ కిక్కురుమనలేదు ఇన్నేళ్లూ."
పక్కన ముబీను, ఆటోలో, నాకంటే వాడికే తొందర:
"సార్ మాట ఇనకుండ్రి మేడం.
రైజెన్‌ల ఆరు కోర్లు. అవే పైసలకు దాంట్ల నాలుగే."
కోరంటే ఏమిట్రా?
"పొయ్యి అనుకోండ్రి."
ఆరు పొయ్యిలు!
వండేదాన్ని నేనొక్కదాన్ని.
అదీ ఒక్క కూర.

పార్క్‌లేన్. సీటీసీ రెండో అంతస్తు.
ఎదురెదురు దుకాణాలు, మధ్య నాలుగడుగుల నడవ.
ఇటు నీలం డబ్బా, అటు నారింజ గీత డబ్బా.
శుభలేఖల నమూనాలు పరిచేదాన్ని,
ఈ పరచడం నాకు తెలుసు:
ముందు ఖరీదైనది పెట్టాలి, వద్దంటారని తెలిసే.
తర్వాత రెండోదాని మీద
ఏమీ ఎరగనట్టు వేలు ఆనించాలి.
లాయఖ్ భాయ్ వేలు ఆనించాడు.
నేను నవ్వాను. ఆయనా నవ్వాడు.

గిగాహెర్ట్జ్ అన్నారు. క్యాషె అన్నారు.
మూడేళ్ల వారంటీ ఇద్దరూ అన్నారు.
ఎండాకాలం మా మెట్ల కింద
మైనం కూడా నిలబడదు, ఏది తక్కువ కాగుతుందంటే
ఇద్దరూ "మాదే" అన్నారు, ఒకేసారి.

"తిరగేసి చూపించండి" అన్నాను.

ఒకటి నున్నగా ఉంది, చుక్కలు చుక్కలుగా.
దాని కాళ్లు బోర్డులో ఉంటాయట.
రెండోదానికి కాళ్లు దానికే ఉన్నాయి,
వెయ్యికి పైనే, జరీ పోగుల్లా, నిటారుగా.
వంగితే?
"దీనివి సూదితో నిలబెడతానమ్మా.
దానివి వంగితే బోర్డే మార్చుడు."

నాన్న కాచిగూడలో కంపోజిటరు.
సీసపు అక్షరానికీ కాలుంటుంది.
కేసులోంచి తీసి, ముఖం చూసేవాడు కాదు,
బొటనవేలితో కాలు తడిమేవాడు.
సమంగా ఆనితే స్టిక్కులోకి. లేకపోతే పక్కన డబ్బాలోకి.
ఏ ఫౌండ్రీ మంచిది నాన్నా అంటే
చేతికొచ్చింది, అనేవాడు. అంతకు మించి చెప్పలేదు.

వేలు చాపాను.
"అరె అమ్మా, హాత్ మత్ లగావో!"
లాయఖ్ భాయ్ చిప్పును గుండెకు హత్తుకున్నాడు
పసిపిల్లను దిష్టి నుంచి దాచినట్టు.
సరే, అదే ఇవ్వండి, అన్నాను.
ముబీను కోర్లే గెలిచాయనుకున్నాడు.
అనుకోనీ.

మిగిలిన దాంతో యూపీఎస్ వచ్చింది.
సుగుణమ్మ చెప్పిన చిప్ప రాలేదు గానీ
ఆటోకి ముబీనే ఇచ్చాడు.

రాత్రి తొమ్మిదికి 'క్ష' కొట్టాను.
వేలు లేపకముందే ఒత్తు వచ్చి కూర్చుంది.
చేతిలో టీ గ్లాసు అలాగే ఉండిపోయింది,
ఎప్పుడు తాగాలో తెలియక.

ఆదివారం విద్యాసాగర్ వచ్చాడు.
క్యాబినెట్ చుట్టూ తిరిగాడు, స్టిక్కరు కోసం.
దాన్ని నేను శనివారమే గోరుతో గీకేశాను.
"ఇంటెలేగా వదినా?"
"అన్నీ లోపలున్నాయి, కూర్చో" అన్నాను,
తహసీల్దారు గారి మూడో ద్విపద
పద్నాలుగోసారి దిద్దుతూ.