ముందు చక్రం

అట్టపెట్టె విప్పితే
లోపల రెండు నల్లటి సున్నాలు.
చేత్తో ఎత్తి చూసి
"ఇనుము మర్చిపోయి పంపారేమోనే" అన్నాను.
కృపామణి నవ్వి
రెండింటినీ రొయ్యల కాటా మీద పెట్టింది.
రాత్రంతా ముప్పై కౌంటూ యాభై కౌంటూ తూచిన కాటా,
పళ్ళెంలో ఐసు తడి ఇంకా ఆరలేదు.
పదమూడు వందల తొంభై గ్రాములు.
"తుడిచి పెట్టు బాబాయ్, ఇంకో పది తగ్గుద్ది" అంది.
తడి తరుగు తియ్యడం
రొయ్యల షెడ్డు పిల్లకి ఒకళ్ళు నేర్పాలా!

నలభై రెండేళ్ళుగా మలికిపురం సెంటర్లో
నా చేతుల మీదుగా తిరిగిన రిమ్ములన్నీ
గోటితో కొడితే ణంగుమనేవి.
ఇది టక్కుమంది,
గింజలెండిన సొరబుర్రలా.
ఇంత మొహమాటంగా పలికేదాన్ని
రోడ్డు మీద ఏమని నమ్మడం?

"చవకే బాబాయ్, పేరున్నవాటిలో మూడోవంతు."
చవక.
పద్నాలుగు నెలల రాత్రి డ్యూటీ,
పట్టుబడి రోజుల్లో మంచుముక్కల మధ్య తిమ్మిరెక్కిన వేళ్ళు,
పాడకుండా పాడకుండా చివరాఖర్న ఎత్తిన చీటీ.
ఆ మాటని ఏ కాటా మీద తూస్తారో
నాకు తెలీదు.

తేలిక చక్రం కొండలెక్కడానికట.
మాకు కొండలేవీ?
ఉన్న ఎత్తల్లా ఏటిగట్టు,
దాని తరవాత చించినాడ వంతెన,
ఆ పైన కొబ్బరిచెట్టు.
దాని మీదికి సైకిలు పోదు.

అయినా పని పనే.
ముందు ఇరవై పుల్లలు, వెనక ఇరవై నాలుగు.
ఒక్కోదాన్నీ వేలితో మీటి విన్నాను,
పక్కదానితో పలుకు కలవకపోతే
కీతో పావు తిప్పు, మళ్ళీ మీటు.
బెండు తియ్యాలంటే ఇన్నాళ్ళూ నాకు సుత్తీ ఒక పనిముట్టే.
ఈ రెండూ కొట్లో ఉన్నంతసేపూ దాన్ని బల్ల కింద పెట్టాను,
పాకే పిల్ల ఉన్న ఇంట్లో కత్తిపీట దాచినట్టు.

ఆదివారం తెల్లారగట్ల వెళ్ళింది.
దిండి దాటి వంతెనెక్కేదాకా
సైకిలు తన కాళ్ళ కింద ఉందో లేదో తెలీలేదట.
నడి వంతెన మీద
దక్షిణం నించి ఉప్పుగాలి అడ్డంగా వచ్చింది.
అరచేతి వెడల్పు రిమ్ము,
గాలికి అది చక్రం కాదు, తెరచాప.
"హేండిల్ నాది కాదు బాబాయ్, ఇంకెవరిదో."
పక్కనించి బొండాల లారీ,
ఇటు పిట్టగోడ జానెడు దూరం,
కింద వశిష్ఠ.
దిగిపోయి
మిగతా వంతెనంతా నడిపించుకుంటూ వచ్చింది,
పదమూడు వందల తొంభై గ్రాముల్నీ.

ఏడవలేదు. అమ్మినవాణ్ణి తిట్టలేదు.
"గాలి వెనకనించొస్తే మాత్రం..." అని ఆగి
బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య
అక్కడ లేనిదేదో పట్టుకుని చూపించింది.

అటక మీంచి దాని పాత అల్యూమినియం చక్రం దింపాను.
సన్న రిమ్ము, మూడు గాట్లు,
వానాకాలపు బురద మరక ఒకటి ఎంత రుద్దినా పోదు.
ముందు ఇదీ, వెనక అదీ.
"ఒకటి తెల్లగా ఒకటి నల్లగా, బాగోదేమో."
"గాలికి కళ్ళున్నాయా ఏంటి?"
కాసేపాలోచించి
"ఆయ్" అంది.

ఇప్పుడు పాలకొల్లు దాకా పోయొస్తోంది.
షెడ్డు నించి నేరుగా, నిద్రపోకుండా.
వెనక చక్రం కీచురాయిలా మోగుతూ మలుపు తిరిగేసరికి
నేనింకా తాళం తీస్తుంటాను.

మిగిలిన ముందు చక్రం
కొట్లో కొక్కేనికి వేలాడుతోంది.
మధ్యాహ్నం కాలవ మీంచి గాలి మళ్ళితే
ఎవరూ ముట్టకుండా తిరుగుతుంది,
నా లెక్కల పుస్తకం మీద దాని నీడా తిరుగుతుంది.
మొన్న రాజోలు కుర్రాడొకడు
దాన్ని వేలితో ఆపి
అమ్ముతారా, ఎంతకిస్తారు అనడిగాడు.

జత కాదు కదా,
ఏడు నెలలు అన్నాను.