నిన్నటిదే

తెల్లారి ఆరింటికి
ఇప్పుడు నేను కాలవ గట్టుకు పోను.
దిండు మీద వెల్లకిలా పండుకుంటాను.
మామూలు దిండు కాదది, కడుపులో తీగచుట్టలున్నది.
వైరు గోడకు, గోడ కరెంటుకు,
మాట మాత్రం యాడికో.
"కదలవద్దు" అంటుంది, ఆడగొంతుతో, పుస్తకం తెలుగులో.
మా సుంకులమ్మ పొయ్యి కాడ గిన్నె దించి
నాతోపాటు తానూ ఊపిరి బిగబడుతుంది.
నీకెందుకే అంటే
ఏమో, అంటుంది.

ముప్పైయొక్క ఏండ్లు లస్కరు పని చేసినాను.
కె.సి. కాలవ, ఆరో తూము నుంచి పదకొండో తూము దాకా నాది.
పాచి మెట్లు నాలుగు దిగి
తెల్ల పలక మీద నల్ల గీతలు చూసి
అడుగులు, అంగుళాలు బుక్కులో ఎక్కించి
సైకిలేసుకొని పోయి కర్నూలు ఆఫీసుకు ఫోను.
నీళ్ళకు నేను చెప్పిందేమీ లేదు.
అవి యాడిదాకా వచ్చినాయో
అది మాత్రం చెప్పినాను.

పోయిన ఏడు నీళ్ళు నాలోకి వచ్చినాయి.
ముందు చెప్పుల పట్టీ బిగిసింది.
తర్వాత కాలి మీద వేలు పెడితే గుంట,
ఆ గుంట పూడేదానికి బీడీ కాల్చినంత సేపు.
మూడు దిండ్లు ఎత్తు పెట్టుకున్నా
నడిరాత్రి మునిగినోని మాదిరి లేచి కుచ్చునేది.
పెద్దాసుపత్రిలో డాక్టరు ఫిల్ము దీపానికి పట్టి
"గుండె తోడలేకపోతాంది పెద్దాయనా,
నీరు ఊపిరితిత్తుల్లో నిలబడతాంది" అన్నాడు.
దిగువకు లాగకపోతే ఎగువన గట్టు నానుతుంది.
నాకు వేరే చెప్పాల్సిన పనిలేదు.

తొడ మొదట్లో సన్న దారి చేసి
నరం వెంబడి పైకి పోయి
గుండెకూ ఊపిరితిత్తికీ నడుమ పెద్దకాలవలో
ఒక గేజీ పెట్టినారు.
వేపగింజంత. రెండు పక్కలా తీగ ఉచ్చులు,
పారుదలకు కొట్టుకుపోకుండా.
దానికి బ్యాటరీ లేదంట.
దిండు పిలిస్తే పలుకుతాదంట,
లేకుంటే ఊరకుంటాదంట.
లస్కరంటే అట్లుండాల.

నా అంకె చూసే పిల్ల పేరు జైబున్నీసా.
ఒకనాడు పొద్దున్నే ఫోను చేసింది:
"మద్దిలేటి పెద్దాయనా, రాత్రి ఏం తిన్యావు?"
"ఏముందమ్మా, కొర్రన్నం, మజ్జిగ."
"ఇరవై ఆరు చూపిస్తాందే!"
నాకు ఆయాసం లేదు. కాళ్ళు పొంగలేదు.
సుంకులమ్మకు కూడా తెలీదు
మాబాషా కొడుకు పెండ్లిలో నేను నంజుకున్న
ఊరమిరపకాయల లెక్క.
గుండె చాడీ చెప్పింది.
"నీటి మాత్ర ఇంకోటి ఎక్కువ, మూడు రోజులు."
తూము రెండంగుళాలు ఎత్తమని
పైనుంచి ఆర్డరు.
ఎత్తినాను.

ఒక సంగతి ఉంది.
తొంభై ఎనిమిదో, తొంభై తొమ్మిదో. కార్తీకం. తెల్లవార్లూ వాన.
జరమనుకో, చలి అనుకో,
నిజానికి బద్ధకం.
మెట్లు దిగకుండానే బుక్కులో రాసినాను:
నిన్నటిదే.
ఆ రాత్రి ఎనిమిదో తూము కాడ గండి పడింది.
ఎల్లనాగప్ప రెండెకరాల వరి, కోతకు వారముండంగ,
ఇసక కప్పుకొని పండుకొనింది.
విచారణకొచ్చిన ఇంజనీరు నా బుక్కు చూసి
లస్కరు తప్పు లేదని సంతకం పెట్టినాడు.
ఆ సాయంత్రం గట్టు మీద కుచ్చోని
ఎల్లనాగప్పే నాకు బీడీ ఇచ్చినాడు.
అగ్గిపుల్ల కూడా వాడే గీసినాడు.

ఇది ఏ డాక్టరుకూ చెప్పలేదు.
లోపలి వేపగింజకు తెలుసేమో అనుకుంటా
కొన్ని రాత్రులు.
అది ఒత్తిడి ఒక్కటే చూస్తాదంట,
దేని ఒత్తిడో చూడదంట.

ఈ పొద్దు మళ్ళీ దిండు.
కదలలేదు.
సుంకులమ్మ ఊపిరి వదిలింది, గిన్నె పొయ్యెక్కింది.
కాసేపటికి ఫోను.
"నిన్నటిదే పెద్దాయనా. మాత్ర మార్చొద్దు."
మంచిదమ్మా అని పెట్టెయ్యాల.
పెట్టలేదు.
"చూసే చెప్తున్నావా తల్లీ?" అన్నాను.
అవతల చప్పుడు లేదు.
"ఉండు," అనింది.
"మళ్ళీ చూస్తా."