చెరిపే హక్కు

ఏడున్నరకే హర్మట్టాన్ గాలి దుమ్ము
కీబోర్డు సందుల్లో పిండిలా పేరుకుంది.
తకోరాదిలో, రేవుకు దిగే రోడ్డు మీద,
కోకో గింజల తూకం ఆఫీసు.
బయట తొమ్మిది లారీలు.
లోపల అరబా తెర వైపు వేలు చూపించింది:
"చదవనిస్తోంది, రాయనివ్వదు.
నిన్న మధ్యాహ్నం నుంచీ ఇదే వరస."

ఫైలు ఇంకొకరి వాడకంలో ఉందట.
ఎవరా ఇంకొకరు?
నేను కాదంది అరబా.
నేను కాదన్నాడు ఫీఫీ, గంజి గిన్నె దించకుండానే.
కాపలా మనిషి కూడా, ఎవరూ అడక్కుండానే,
నేను కాదన్నాడు.

పెద్ద ఫైలు కొంగు పట్టుకుని
పక్కనే ఒక బుల్లి ఫైలు.
లోపలికి వెళ్లినవాళ్ల పేరు రాసుకోవడం,
ఆఖరి మనిషి బయటికి రాగానే
తనంతట తాను చెరిగిపోవడం, దాని పని.
ఇది చెరగలేదు.
విప్పి చూస్తే మనిషికి అరవై నాలుగు అక్షరాల జాగా,
అందులో ఫీఫీ మెషీను పేరు.
నిన్న కరెంటు పోయినప్పుడు లోపలే ఉన్నాడు పాపం.
అతను ఇంటికెళ్లి, తిని, పడుకుని, లేచి వచ్చినా
సర్వరు మాత్రం అతను ఇంకా
అక్కడే కూర్చున్నాడని నమ్ముతోంది.

ఆ తెగిన తీగను విడిపించాను.
ఇక చెరుపమ్మా అన్నాను.
నొక్కింది. కుదరదంది.

అనుమతుల జాబితా తీశాను.
చదవొచ్చు: అందరికీ టిక్కు.
రాయొచ్చు: అందరికీ టిక్కు.
చెరపొచ్చు అన్న గడి ఒక్కటే ఖాళీ.
"క్వాన్సా గారు," అంది అరబా గొంతు తగ్గించి,
ఆయన రిటైరై నాలుగేళ్లయినా.

ఫోన్ చేశాను. కోడికూత, తర్వాత దగ్గు, తర్వాత ఆయన.
"ఒక ఏడు ఎవరో పొరపాటున ఫైలు చెరిపేశారు.
పద్నాలుగు మంది రైతుల తూకం పోయింది.
మెన్సిమా అని ఒక ముసలావిడ, ఇరవై రెండు బస్తాలంది.
నా దగ్గర కాగితం ముక్క లేదు.
ఆవిడ మొహం చూసి ఇరవై రెండూ రాశాను.
మిగతా పదమూడు మందికీ అంతే, ఎంతంటే అంత.
ఆ సాయంత్రమే ఆ గడి ఖాళీ చేశాను.
రాయండి నాయనా, ఎంతైనా రాయండి.
చెరపొద్దు."

మీ వల్లే తొమ్మిది లారీలు ఆగాయండీ
అనడానికి నోరు రాలేదు.
రోజూ రాత్రి నకలు తీసి వేరే డిస్కులో దాస్తానన్నాను.
కాసేపు కోడే మాట్లాడింది.
"రెండు తియ్యి," అన్నాడు.

టిక్కు పెట్టాను.
ఈగ లేచిపోయినట్టు పోయింది బుల్లి ఫైలు.
అరబా డేటాబేస్ తెరిచిందో లేదో
మళ్లీ పుట్టింది, ఈసారి ఆమె పేరుతో.
ఫీఫీ బయటికెళ్లి
బస్తాల మీద నిద్రపోతున్న డ్రైవరు కాలు కదిపాడు.

బ్యాగు సర్దుకుంటుంటే కనబడింది:
గోడకి, మేకుకి, దారంతో కట్టిన తూకం పుస్తకం,
ఆ ఏటి తర్వాత క్వాన్సా గారు మొదలుపెట్టింది.
దారానికి ముడి మీద ముడి మీద ముడి.
దాని జోలికి నేను పోలేదు.