తడి రంగు

చెప్పాపెట్టకుండా వచ్చాం.
అలాగే అనుకున్నాం,
నడవాలో రంగు వాసన ముక్కుకి తగిలేదాకా.

డైరెక్టర్ కార్మ్ను జెరాఫా
కాఫీ తాగుతారా అని నాలుగుసార్లు అడిగాడు.
ఒకప్పటి సైనికుల బ్యారక్ ఇది.
సముద్రపు ఉప్పుకి గోరుతో గీకితే రాలే సున్నపురాయి
ఇవాళ తెల్లగా, నడుముకి లేతనీలం పట్టీతో
బడి తెరిచిన రోజు పిల్లాడి చొక్కాలా ఉంది.
రాత్రి వీచిన ష్లోక్ గాలి
కిటికీ దగ్గర తడి మీద ఎర్రదుమ్ము అద్ది పోయింది.
దాన్ని తుడవడం ఎవరికీ తోచలేదు.

నా పని మాట మార్చడం.
కాదు, భాష మార్చడం.
మాట మార్చేవాళ్ళు ఇక్కడ వేరే ఉన్నారు.
నియమం ఒకటే: అతను 'నేను' అంటే
నేనూ 'నేను' అనాలి.
'అతనేమంటున్నాడంటే' అని తప్పుకోకూడదు.

డాక్టర్ ఇంగున్ మోకాళ్ళ మీద కూర్చుని
మెహారి వీపుకి చిన్న స్కేలు ఆనించింది.
ఏడు సెంటీమీటర్లు. అంచులు పసుపు.
పదిరోజుల నాటిది కావచ్చు.
ఎలా తగిలింది?
"మెట్ల మీంచి పడ్డాను," అన్నాను నేను.
ఇంగున్ తలెత్తి గుమ్మంలో కాపలావాడి వంక చూసింది.
చాలాసేపు చూసింది.
వాడు బూట్లు చూసుకుంటూ బయటికెళ్ళాడు.
"ఈ భవనానికి మెట్లే లేవు," అన్నాను నేను.

ఇంకో మూల జురాబ్ గది కొలుస్తున్నాడు.
లేజరు ఎర్రచుక్క గోడ మీద దోమలా వాలి లేస్తోంది.
మనిషికి నాలుగు చదరపు మీటర్లు.
పద్నాలుగు మంచాలు, పద్నాలుగురు మనుషులు,
లెక్క సరిగ్గా సరిపోయింది.
కొత్త దుప్పట్ల మడతలింకా విడలేదు.
నిన్న రాత్రి పదకొండుమందిని బస్సెక్కించారని
ఒక కుర్రాడు దగ్గుతూ చెప్పాడు.
ఎక్కడికి?
"నాకేం తెలుసు," అన్నాను నేను,
అతని దగ్గుని మాత్రం మార్చకుండా వదిలేసి.

మూడో మంచం పక్కన గోడ తడిమి చూడమన్నాడు వాడే.
రంగు కంటిని కప్పుతుంది గాని వేలిని కప్పలేదు.
మేకుతో చెక్కిన గాడులు, ఐదేసి చొప్పున,
నలభై దాకా లెక్కపెట్టి ఆపేశాను.
వాటి కింద మా లిపిలో ఒక పేరు: లెతాయ్.
చెయ్యి తీసేసరికి మణికట్టు దాకా తెల్లబడింది.

పంతొమ్మిదేళ్ళ కింద
ఇలాంటి గదిలోనే, ఇదే ద్వీపంలో
నన్నూ రోజుకి రెండుసార్లు లెక్కపెట్టేవారు.
అప్పుడు కొలవడానికి ఎవరూ రాలేదు.
వచ్చారేమో కూడా, నేను నిద్రలో ఉన్నానేమో.

ఆఫీసులో ముగింపు మాటలు.
'మేము గమనించినది,' అంది కమిటీ.
'మేము తీసుకున్న చర్యలు,' అన్నాడు జెరాఫా.
ఇన్ని 'మేము'ల మధ్య
ఒక్క 'మనం' ఎవరి నోటా రాలేదు.
నివేదిక వెలుగు చూడ్డానికి ఏడాది పైనే పడుతుందట,
అదీ ప్రభుత్వం ఊ అంటే.
పక్కన జవాబు కూడా అచ్చేస్తారట.
అందులో ఒక వాక్యం నేనిప్పుడే చెప్పగలను:
గోడలకు రంగు వేయించడమైనది.

వెళ్తూ మళ్ళీ ఆ గది ముందు ఆగాం.
ఇంగున్ ఫోన్ నంబరున్న కార్డు ఇచ్చింది.
ఫోన్లు ఆ బీరువాలో ఉన్నాయని
మెహారి గడ్డంతో చూపించాడు.
కార్డు జాగ్రత్తగా చొక్కా జేబులో పెట్టుకున్నాడు.
తర్వాత ఒకటి అడిగాడు.
గట్టిగా కాదు, కూర ధర అడిగినట్టు.

"మీరు వెళ్ళాక, ఇవాళ కూడా
రాత్రవుతుంది కదా. అప్పుడు నాకు?"
అన్నాను నేను.

ఇంగున్ పెన్ను తీసింది. తీసి పట్టుకుంది.
జురాబ్ లేజరు పెట్టె మూత నొక్కాడు, టక్కుమని.
దూరంగా జెరాఫా కారు తాళాలు.

తిరిగి చెప్పడానికి నా దగ్గర మాటేదీ రాలేదు.
అతనింకా
నా పెదాల వంకే చూస్తున్నాడు.